బీటా సెల్స్‌కి సెలవు

3 జులై 2006
ఎనిమిదేళ్ళుగా ఉన్న నాన్న షుగర్‌కి ఈసారి డాక్టరు గారు ఇన్సులిన్ రాశారు. నాన్న చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. కూర్మన్నపాలెంలో బస్సు దిగాక, నాను సూదులేయించుకోను తల్లీ, అన్నాడు. పెదనాన్నకి ఇన్సులిన్ మొదలెట్టిన ఏడాదే కాలు తీసేశారు. అది సూది వల్ల కాదు, ఆలస్యం వల్ల అని చెప్పాను. వినలేదు.

5 జులై
అమ్మ దెబ్బలాడుతూనే ఉంది. దొంగతనంగా బెల్లం జీళ్ళు తిన్నావు, అనుభవించు అంటోంది. నాన్న తప్పు చేసినవాడిలా తలొంచుకుని డ్యూటీకి వెళ్ళాడు. స్టీల్ ప్లాంట్‌లో, బొగ్గుని కోక్‌గా మార్చే ఓవెన్ల దగ్గర కాంట్రాక్టు పని. ఆ వేడికి కూడా మనిషి ఇంతలా వాడిపోలేదు.

9 జులై
ఎమ్మెస్సీ సెమినార్‌కి టాపిక్ ఇచ్చారు. ఇన్సులిన్ తయారుచేసే బీటా సెల్స్‌లో స్ట్రెస్ రెస్పాన్స్. నేను అడిగి తీసుకున్నది కాదు.

16 జులై, సాయంత్రం
ఏటమ్మా అంతలా సదువుతన్నావ్, నాకూ సెప్పు, అని నాన్నే అడిగాడు. ఇంగ్లీషులో అయితే గడగడా చెప్పేదాన్ని. తెలుగులో నోరు తిరగలేదు. మా ఇంట్లో ఇంతవరకు ఎవరికీ ఈ మాటలతో పని పడలేదు.

మెల్లగా చెప్పాను. ఇన్సులిన్ తయారుచేసే సెల్స్ కడుపులో ఉంటాయి. ఒళ్ళు ఇన్సులిన్ మాట వినకపోతే అవి ఇంకా ఇంకా తయారుచెయ్యాలి. ఆ తొందరలో ఇన్సులిన్ ప్రోటీన్ సరిగ్గా మడతపడదు, పాడైన సరుకు లోపలే పేరుకుంటుంది. అప్పుడు సెల్ పని తగ్గించుకుంటుంది, చెత్త తీసేస్తుంది. అదే స్ట్రెస్ రెస్పాన్స్. కొన్నాళ్ళు కాపాడుతుంది. ఏళ్ళ తరబడి తెరిపి లేకపోతే అదే సెల్‌ని చంపేస్తుంది.

డ్యూటీ మారడానికి రిలీవర్ రాకపోతే నాను ఓవెన్ కాడే ఉండిపోతాను కదా, అలాగా? అన్నాడు నాన్న. అలాగే నాన్నా. మరి ఆటికి ఎన్నాళ్ళయింది రిలీవర్ రాక? ఎనిమిదేళ్ళు అన్నాను. కొన్ని పోయి ఉంటాయి. బయటినుంచి ఇన్సులిన్ ఇస్తే మిగిలినవాటికి ఊపిరి తిరగొచ్చు. ఖాయంగా చెప్పలేను.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. అయితే జీళ్ళు తినీసినందుకు కాదన్నమాట. అవీ కొంత, అన్నాను. సూసేవా, నాను సెప్పనేదా, అని లోపల్నుంచి అమ్మ. ముగ్గురం నవ్వాం.

17 జులై
నాన్న తనే వెళ్ళి ఇన్సులిన్ తెచ్చాడు. ఫ్రిజ్ లేదు కదా, అమ్మ తడి ఇసకలో చిన్న కుండ పెట్టి అందులో దాచింది. సిరంజిలోకి మందు ఎక్కించి గీత రెండుసార్లు చూసుకున్నాను. నాన్న నా మణికట్టు పట్టుకుని, పొడిసీ తల్లీ, అన్నాడు.

24 జులై
సెమినార్ బాగానే అయింది. ఇంట్లో చెప్పినంత బాగా కాదు.

2 ఆగస్టు
నాన్న నడుం వాల్చాడు. నిద్రపోయాడనుకున్నాను. పొట్ట మీద చెయ్యేసుకుని నెమ్మదిగా అంటున్నాడు, పడుకోండర్రా. మీరూ కాసేపు పడుకోండి.