చిల్లు డాలరు

లింగంపల్లి,
14 సెప్టెంబర్ 2025, ఆదివారం.

చిరంజీవి లక్ష్మీనారాయణకు,

బావ సుబ్రహ్మణ్యం ఆశీర్వదించి రాస్తున్నది. నువ్వూ, కృష్ణప్రియా కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా క్షేమం నువ్వు అడగలేదు కాబట్టి ఆ వాక్యం వదిలేస్తున్నాను.

ఫోన్లో చెప్పొచ్చు. కానీ నేను ఒక మాట చెప్పేలోపు నువ్వు నాలుగు చెబుతావు. వాట్సాప్‌లో పెడితే బొటనవేలి బొమ్మ పంపి ఊరుకుంటావు. అందుకే కాగితం. దీనితోపాటు మీ నాన్నగారి బిస్కెట్ల డబ్బా కూడా కొరియర్లో వస్తుంది. అందులోని అమెరికా నాణేలు నీవే. సగం సగం పంచుకుందామన్నావు. నాకు సగం వద్దు. ఒక్క నాణెం మాత్రం నా దగ్గర ఉంచుకుంటున్నాను. అది ఏదో నీకు తెలుసు.

నిన్న మాదాపూర్‌లో జరిగింది నీకు బేరంలా కనిపించి ఉంటుంది. నాకెలా కనిపించిందో రాస్తాను.

అద్దాల మేడ. ఏడో అంతస్తులో గంటల లెక్కన అద్దెకిచ్చే గది. కింద నా ఫోటో తీసి మెడలో వేసుకోమని కార్డు ఇచ్చారు. వచ్చిన పని అన్నచోట నువ్వు 'అసెట్ సేల్' అని కొట్టావు. మీ అక్క పూజగదిలోంచి తీసిన డబ్బా అప్పుడు నా చేతుల్లో ఉంది.

నువ్వు కుదిర్చిన మహేశ్ మర్యాదస్తుడే. వారమంతా సాఫ్ట్‌వేరు ఉద్యోగం, శనివారం పాత నాణేల బేరం. నన్ను చూసి కుర్చీ లాగి వేశాడు. "కూసోండ్రి సార్, ఫికర్ జేయకుండ్రి, ఉన్నది ఉన్నట్టు జెప్త" అన్నాడు. నల్లగుడ్డ పరిచి నాణేలు వరసగా పేర్చాడు. తూచాడు. అయస్కాంతం పెట్టి చూశాడు. అన్నీ అసలైన వెండే అన్నాడు. తర్వాత భూతద్దం కంటికి ఆనించుకుని, ఒక డాలరు మీదున్న పసుపును గోటితో గీకాడు. గోరు టిష్యూకి తుడుచుకుని, దాన్ని ఉండచుట్టి కాళ్ళ దగ్గరి చెత్తబుట్టలో వేశాడు.

అది కిందటి శ్రావణంలో మీ అక్క వేలితో పెట్టిన పసుపు. ఈ శ్రావణానికి ఆ వేలు లేదు. పాపం, అతనికి తెలియదు. నీకు తెలుసు. నువ్వు ఫోన్లో వెండి ధర చూస్తున్నావు.

నేను మంచినీళ్ళు అడిగింది అందుకే. ఎండదెబ్బేమో అన్నావు.

"మా నాన్న విశాఖ పోర్టులో గుమాస్తా అండీ, ఏవో పోగేశాడు" అని అతనికి చెప్పావు. ఏవో కాదు. అమెరికా గోధుమల ఓడలు వచ్చే రోజుల్లో వెంకటరామయ్యగారు రేవులో బస్తాలు లెక్కపెట్టేవారు. ఓడ వంటవాళ్ళకి మామిడితాండ్ర, జీడిపప్పు ఇచ్చి బదులుగా ఒక్కో వెండి నాణెం తెచ్చుకునేవారు. సిగరెట్టు కాల్చలేదు. సినిమాకి వెళ్ళలేదు. ఆయనకున్న ఒకే ఒక్క సరదా అది. చివరికి ఆ డబ్బా కూతురి చేతిలో పెట్టారు. నీ చేతిలో ఎందుకు పెట్టలేదో అప్పట్లో నాకు అర్థం కాలేదు.

మహేశ్ నాణేలు పక్కకి జరిపి, "వీటిని కడిగిండ్రు గదా సార్. చింతపండా?" అన్నాడు. ఔనన్నాను. ఏటా వరలక్ష్మీ వ్రతానికి మీ అక్క చింతపండుతో తోమి, పసుపూ కుంకుమా పెట్టి కలశం ముందు పేర్చేది. ఒకవైపు స్త్రీ తల, మరోవైపు రెక్కలు చాచిన గద్ద. "ఇటు అమ్మవారు, అటు గరుత్మంతుడు. పాపం, మన వ్రతం కోసమే అచ్చువేశారని అమెరికా వాళ్ళకి తెలీదండీ" అని నవ్వేది.

తోమిన నాణేన్ని సేకరించేవాళ్ళు ముట్టుకోరని మహేశ్ చెప్పాడు. "కొనేటోడు ఆ పాత రంగుకే పైసలిస్తడు సార్. రంగు వోయినంక ఇగ వెండి కిందనే లెక్క." అతను చెప్పిన తీరులో తప్పులేదు. నువ్వు తల పట్టుకున్నావు. "చూశారా మహేశ్ గారూ, మా అక్క నిర్వాకం. ముప్ఫై ఏళ్ళు లక్షల్ని తోమి తోమి తూములో పోసిందండీ" అన్నావు. అతను నవ్వాలా వద్దా అని నావైపు చూశాడు. నువ్వు నవ్వావు కాబట్టి నవ్వాడు.

మీ అక్క పన్నెండో రోజున కూడా నువ్వు ఇలాగే నవ్వావు. విస్తరి ముందు కూర్చుని, పెరుగు వడ్డిస్తుంటే "బావగారూ, ఆ డబ్బా జాగ్రత్తగా ఉందిగా?" అన్నావు. నీ చేతికి ఇంకా అన్నం మెతుకులున్నాయి. ఆ తర్వాత నువ్వు ఎప్పుడు ఫోన్ చేసినా నాకు ఆ చెయ్యే కనిపించేది. అందుకే చాలాసార్లు ఎత్తలేదు.

చివరికి ఆ చిల్లు డాలరు వచ్చింది. మహేశ్ దాన్ని తిప్పి చూసి కుర్చీలో ముందుకు జరిగాడు. స్త్రీ తల కింద 1893, వెనక గద్ద కింద చిన్న ఎస్ అక్షరం. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ ఏడు చాలా తక్కువ కొట్టారట. "గిదొక్కటే కడగలే సార్. గీ చిల్లు లేకుంటేనా..." అని ఆగిపోయాడు. మిగతా లెక్క నువ్వు పూర్తిచేశావు. నీ కొత్త కారు అప్పు తీరేదట.

అది తోమకపోవడానికి కారణం నాకు తెలుసు. తోమితే చిల్లులో కట్టి ఉన్న నల్లతాడు నానుతుందని దాన్ని పక్కన పెట్టేది. వ్రతం రోజున కలశం మెడలో వేసి, సాయంత్రం తీసి పత్తిలో చుట్టేది.

"ఆ చిల్లు కూడా మా అక్క ఘనకార్యమే. అమ్మవారికి హారం కావాలని పొడిపించింది" అన్నావు. కొత్తమాట కాదు. మూడేళ్ళ క్రితం తెల్లాపూర్‌లో నీ గృహప్రవేశం నాడు ఇదే మాట ఇరవైమంది ముందు అన్నావు. అందరూ నవ్వారు. మీ అక్క కూడా నవ్వి, "ఔన్రా, తెలీక చేశాను" అంది.

నిన్న మహేశ్ గొంతు తగ్గించి, ఖాజాగూడలో తనకు తెలిసిన పనివాడున్నాడన్నాడు. చిల్లులో వెండి పోసి, పైన గీతలు చెక్కి, పొగపెట్టి పాత రంగు తెప్పిస్తాడట. ఫోటోలో కనిపెట్టలేరట. ఆన్‌లైన్‌లో పెడితే ఎక్కడివాడో కొనుక్కుంటాడట. అతను తాడు కోయడానికి కత్తెర తీసేవేళకి నువ్వు సరేననేశావు. నేను నాణెం లాక్కున్నాను. లాక్కోవడమే. నా వయసులో చేయదగిన పని కాదు.

లిఫ్టులో నువ్వు నెమ్మదిగానే చెప్పావు. "అక్క పోయింది కదా బావగారూ, ఇంకెవరు బాధపడతారండీ?" అని. లిఫ్టు నాలుగు పక్కలా అద్దాలు. ఎటు చూసినా నీ మొహం, నా మొహం. రెండూ చూడబుద్ధి కాలేదు. కింద దిగాక, నీ కారులో దింపుతానంటే వద్దని షేర్ ఆటో ఎక్కాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. మళ్ళీ కడుక్కున్నాను.

మోసానికి నేను ఒప్పుకోను. ఎవడో ఎక్కడో ఇష్టపడి కొనుక్కున్న నాణెంలో దొంగచాటుగా పూడ్చిన చిల్లు ఉండటం నాకు సమ్మతం కాదు. మిగతావి అమ్ముకో, కరిగించుకో. ఆ ఒక్కటి ఇవ్వను. దీని మీద నాకు ఫోన్ చేయవద్దు.

కృష్ణప్రియ పంపిన పులిహోర గిన్నె కడిగి ఉంచాను. ఆ అమ్మాయిని ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళమను. పులిహోర బాగుందని చెప్పు.

ఇట్లు,
మీ బావ,
సుబ్రహ్మణ్యం

తా.క. సోమవారం పొద్దున.

కవరు అంటించలేదు. పైన రాసింది మళ్ళీ చదివాను. అంతా నిజమే కానీ ఒక సంగతి దాచాను. మీ అక్క దాచమంది కాబట్టి.

నీ గృహప్రవేశం నుంచి తిరిగి వస్తుండగా కారులో అంది. "ఆ చిల్లు నేను పొడిపించలేదండీ" అని. మీ అక్కకీ నీకూ మధ్య పుట్టిన ఇద్దరూ దక్కలేదు. నీకు ఏడాది రాకముందే విరేచనాలు పట్టుకుని, చేతుల్లో గుడ్డపేలికలా వేలాడేవాడివట. దిష్టి తగలకుండా మొలతాడుకి చిల్లుకాణీ కట్టమని మీ నాయనమ్మ పట్టుబట్టింది. ఇంట్లో చిల్లుకాణీ లేదు. రూపాయి వెండిబిళ్ళ ఉంది, అమెరికావే చిన్న నాణేలున్నాయి. మీ నాన్నగారు అవన్నీ పక్కకి తోసి, ఈ డాలరు తీశారు. దాని విలువ ఆయనకి బాగా తెలుసు. ఒక ఓడ ఆఫీసరు ఎంతిస్తానన్నా ఇవ్వలేదట. కంసాలి సంశయిస్తుంటే, "పిల్లాడికి తక్కువది కడతామా? కొట్టు" అన్నారట. మీ అక్కకి అప్పుడు ఏడేళ్ళు. కొలిమి దగ్గర తండ్రి వేలు పట్టుకుని నిలబడింది.

మరి వాడు అంతమందిలో అలా అంటే ఎందుకు ఒప్పుకున్నావని అడిగాను. "వాడికి చెప్పకండి. తన కోసం నాన్న అంతటిది పాడుచేసుకున్నాడని తెలిస్తే వాడు తట్టుకోలేడు" అంది.

నిన్ను గురించి ఆమె అలా అనుకునేది.

డాలరు కూడా డబ్బాలో పెట్టాను. పత్తిలో ఉంది, తాడుతో సహా. రాత్రి ఆ తాడు నా మణికట్టుకి చుట్టి చూశాను. సరిగ్గా రెండు చుట్లు వచ్చింది. అప్పుడు నీ నడుము అంత.

చిల్లు పూడ్పించాలనుకుంటే ముందు తాడు తీయాలి. ముడి బిగిసిపోయింది, విప్పితే రాదు. కత్తెర నువ్వే పట్టుకో. మహేశ్‌కి ఇవ్వకు.