కంచె లోపలి గడ్డి

ఆఫీసరైన మేనల్లుడు యోగేశ్వరన్‌కు, నువ్వు గడ్డి కొలిచిన బీడుకే కాపలావాడైన నీ మామయ్య రాసేది.

మన మలేషియాలో, ఈ కువాలా సెలంగోర్ సర్కారు బీడులో తిరిగే దిక్కులేని గుర్రాలకు మేత చాలినంత ఉందని పైవాళ్ళకు రాసి పంపావట. నువ్వు గడ్డి కొలిచింది కంచె లోపల. గుర్రాలు మేయకపోతే గడ్డి ఎంత ఎదుగుతుందో పోల్చి చూడడానికి వేసిన కంచె అది. బయటంతా బురద, నీ బూట్లేమో కొత్తవి.

"బయట కూడా కొలవాల కదా నాయినా" అన్నాను.

"ఏటి మామా, అంతా ఒకటే లా" అన్నావు, ఇక్కడి మలాయివాళ్ళ మాదిరి చివర 'లా' తగిలించి.

నిన్న చూడి గుర్రం ఒకటి ఆ కంచె మీదే మెడ వాల్చి చచ్చిపోయింది. గడ్డి దాని మూతికి జానెడు దూరంలో ఉంది.

నీకు తెలుగు చదవడం రాదు కాబట్టి ఈ ఉత్తరం మా అక్క చేత చదివించుకో. నిన్ను పెద్ద ఆఫీసరని ఊరంతా చెప్పుకునేది ఆవిడే.