అమ్మ ఆకుపచ్చ నడికట్టు

లాంకషైర్,
12 అక్టోబరు 1952

అమ్మకు, మ్యూరియల్ బోలెడు ముద్దులతో రాస్తున్నది.

నాన్న, చెల్లి ఏవిస్, నేను కులాసా. శానటోరియంలో ఊపిరితిత్తులకు మంచిగాలి తగలాలని మీ మంచాలు వరండాలోకి మార్చారని రాశావు. ఇంకో దుప్పటి అడగడానికి మొహమాటపడకు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాన్నకు మిల్లులో మళ్ళీ పగటి షిఫ్టు ఇచ్చారు. నేను చేసే బంగాళదుంపల కూర ఇంకా మాడుతూనే ఉంది, ఆయన నోరెత్తకుండా తింటున్నాడు. బళ్ళో మన జట్టు, హాడర్ హౌస్, ఈసారి పాయింట్లలో అందరికన్నా వెనక. కెప్టెన్ని కాబట్టి తిట్లన్నీ నాకే.

ఇక మూడు ఉత్తరాల నుంచీ అడుగుతున్న మాట. నువ్వు చదువుకునేటప్పుడు కట్టుకున్న హాడర్ ఆకుపచ్చ నడికట్టు ఏవిస్‌కు సరిపోయిందా అని. సరిపోయిందని రాశాను. అబద్ధం రాశానమ్మా. ఏవిస్ హాడర్‌లో లేదు. కాల్డర్ హౌస్‌లో చేరి పసుపురంగు నడికట్టు కట్టుకుంటోంది.

తల్లిది, అక్కది ఏ హౌస్ అయితే పిల్లదీ అదే. కొత్తగా చేరేవాళ్ళను ఏ హౌస్ కావాలని అడగను కూడా అడగరు. కానీ నేనే హెడ్‌మిస్ట్రెస్ మిస్ టాటర్‌సాల్ గదికి వెళ్ళి, చెల్లిని వేరే హౌస్‌లో వేయమన్నాను. ఇంట్లో తల దువ్వేదీ కసిరేదీ నేనే, బళ్ళో పాయింట్లు కోసేదీ నేనే అయితే దానికి అక్క ఎక్కడ మిగులుతుంది అని చెప్పాను. ఆవిడ మెచ్చుకుంది. ఏవిస్‌తో మాత్రం ఇది బడివాళ్ళ నిర్ణయమన్నాను.

మొన్న శుక్రవారం యూనిఫాం తనిఖీ నా వంతు. ఏవిస్ నడుము దగ్గర ఉబ్బెత్తుగా ఉంటే నడికట్టు విప్పమన్నాను. పసుపుదాని కింద నీది, మడతలు పెట్టి బిగించి కట్టుకుంది. వేరే హౌస్ రంగు కడితే రెండు పాయింట్లు కోత. వరుసంతా మమ్మల్నే చూస్తోంది.

“కోసెయ్యవే,” అంది మెల్లగా. “నువ్వే నన్ను వద్దన్నావట. మిస్ చెప్పింది. అమ్మ వద్దనలేదుగా.”

కోశానమ్మా. అప్పటినుంచి తల తనే దువ్వుకుంటోంది, పాపిడి వంకరగా వస్తోంది. నాతో మాట్లాడటం లేదు.

నేను వద్దనలేదని దానికి నువ్వు రాస్తే నమ్ముతుందని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. అలా రాయకు. మిస్‌కు చెప్పిన కారణం పూర్తి నిజం కాదు. నువ్వు వెళ్ళినప్పటినుంచి, ఈ పద్నాలుగు నెలలుగా నేను దానికి అమ్మనే. బళ్ళో ఆ కాసిన్ని గంటలైనా నేను ఎవరికీ అమ్మనూ అక్కనూ కాకుండా ఉండాలనిపించింది. ఏవిస్ సరిగ్గానే కనిపెట్టింది.

ఇట్లు,
నీ పెద్దకూతురు
మ్యూరియల్