డబ్బా సారు బడి

తండా, నెల్లికుదురు మండలం
సెప్టెంబరు 2011

ప్రియమైన జైపాల్ అన్నకు,

మన తండా బడికి సారును ఇవ్వలేక సర్కారు టీవీ, డిష్షు ఇచ్చింది కదా. పట్నం నుంచి పాఠం అందులో వస్తుంది. పిల్లల్ని కూర్చోబెట్టడానికి వలంటీరుగా నేను. మీరు బొగ్గు గనుల్లో సమ్మెకు దిగినప్పటి నుంచి కరెంటు లేదు, డబ్బా సారు నోరు మూసుకున్నాడు. పిల్లలు జారుకుంటున్నారు. ఇరవై మంది లేకపోతే బడి ఎత్తేస్తారట. అన్నా, బడి పోతే నేను బతకలేను. మీ సమ్మె ఎప్పుడు అయిపోతుంది?

నీ చెల్లె
సోని

భూపాలపల్లి

చెల్లె సోనికి అన్న దీవెనలు.

ఏందే, నీ డబ్బా కోసం మేం మళ్ల బొగ్గు బాయిల దిగాల్నా? తెలంగాణ కోసం గింతమందిమి జీతాలు ఇడిసి కూసున్నం! తిట్టిన్నని ఏడ్వకు. కరెంటు లేకుంటే నీకు నోరు లేదా? మన లంబాడీ మాటలల్లనే జర పాఠం చెప్పి చూడు.

నీ అన్న
జైపాల్

తండా
అక్టోబరు

అన్నా,

నువ్వన్నట్టే చేశాను. డబ్బా ముందు ఏడాదంతా మూగగా కూర్చున్న గంగి, నిన్న నేను లెక్క తప్పు చేశానని నన్నే ఆపింది! పత్తి ఏరబోయిన పిల్లలు కూడా తిరిగొచ్చారు. అయినా ఇంకా ఇద్దరు తక్కువ. లచ్చిరాం తన ఇద్దరు పిల్లల్ని వలస తీసుకుపోతానంటున్నాడు. కాళ్లు పట్టుకున్నా వినలేదు. ఏదో ఒకటి చెయ్యి అన్నా.

సోని

భూపాలపల్లి
నవంబరు

నా బంగారు చెల్లెకు,

సమ్మె ఆగింది, రాష్ట్రం రాలే. మనసేం మంచిగ లేదు. గాని నీ పనైతే చేసిన. లచ్చిరాం మాటిచ్చిండు, పిల్లల్ని వాళ్ల అవ్వ దగ్గర ఇడిసిపెట్టి పోతడు. మా లీడరుతోని పై ఆఫీసుకు కాగితం గూడ పెట్టించిన. మా తండాకు డబ్బా వద్దు, అసలు సారు కావాలె అని. ఇగ బేఫికర్‌గ ఉండు.

నీ అన్న

తండా
డిసెంబరు

ప్రియమైన అన్నకు,

లెక్క సరిపోయింది, బడి నిలిచింది. నీ కాగితం కూడా పనిచేసింది. జనగామ నుంచి కొత్త సారు వచ్చాడు. మంచివాడే, ఆర్డరు చూపించడానికి మొహమాటపడ్డాడు. సర్కారు సారు ఉన్న బడిలో వలంటీరు ఉండకూడదట.

నీ మీద కోపం తెచ్చుకుందామనుకున్నాను, రాలేదు.

ఈ పొద్దున పిల్లలంతా నా గుడిసె ముందుకొచ్చి నిలబడ్డారు, కొత్త సారు దగ్గరికి మేం పోమని. వాళ్లు పోకపోతే మళ్లీ లెక్క తగ్గుతుంది. అందుకే కసిరాను, ఒకరిద్దరిని కొట్టాను కూడా. నేనే తీసుకుపోయి ఆయన ముందు కూర్చోబెట్టి వచ్చాను.

నీ
సోని