మూడో నంబరు జయానందం

మెదక్,
డిసెంబరు 1

మేనల్లుడు గిడియోన్‌కు జ్ఞానమ్మ అత్త ప్రభువు పేర వందనాలు. ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి ఉత్తరం.

మా చర్చి పాటల బృందానికి నువ్వు చేసిచ్చిన ప్రోగ్రాంలో పేర్లన్నీ ఎక్కించాను. ఒకటి పాస్టరమ్మ, రెండు నేను, మూడు జయానందం, నాలుగు ఫేబ, ఐదు డేనియల్. జయానందం నర్సాపూర్‌కు మకాం మార్చాడు, మూడో నంబరు తీసెయ్యమని కొట్టాను. ఫేబ పోయింది! "నేనేం తప్పు జేసిన అత్తమ్మా?" అని ఒకటే ఏడుపు. జాబితాలో ఉన్నవాళ్లే క్రిస్మస్‌కు పాడాలి. ముప్పై ఏళ్లకు నాకు ఒక చరణం ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది, ఇప్పుడా ఈ గోల?

నీ అత్త,
జ్ఞానమ్మ

తా.క. మళ్లీ మూడు కొట్టాను. డేనియల్ కూడా పోయాడు. జయానందం మాత్రం చెక్కుచెదరలేదు.

హైదరాబాద్,
డిసెంబరు 5

అత్తమ్మకు గిడియోన్ వందనాలు.

తప్పు నాదే. ప్రోగ్రాంలో "తొలగించు" అనే ఒకే పేరుతో ఇద్దరు పనివాళ్లున్నారు. ఒకడు సభ్యుడి నంబరు చూసి తీస్తాడు. ఇంకొకడు వరుసలో స్థానం చూసి తీస్తాడు, అదీ సున్నా నుంచి లెక్కపెట్టి. ఎవడు రావాలన్నది మనం ఇచ్చే అంకె రకాన్ని బట్టి ఉంటుంది. నేను చిన్న రకం అంకె ఇచ్చాను. కంప్యూటర్ అడక్కుండానే దాన్ని పెద్ద రకంగా మార్చుకుని, పెద్ద రకం అంకెకు పలికే రెండోవాడి చేతిలో పెట్టింది. సరిచేస్తాను, అప్పటిదాకా ముట్టుకోవద్దు.

మీ గిడియోన్

తా.క. మా ఆఫీసులో ఎవరికీ చెప్పకండి. అక్కడి ప్రోగ్రాం కూడా ఇలాగే నేనే రాశాను.

మెదక్,
డిసెంబరు 9

గిడియోన్‌కు ఆశీస్సులు.

మన వాడలో ఇద్దరు కృపాదానాలున్నారు, ఒకడు పెయింటరు, ఒకడు కరెంటు పని. ఎవడు కావాలో చెప్పి పిలుస్తాం. కంప్యూటర్‌కు ఆ మాత్రం తెలివి లేదా? పోనీలే, ఆ రెండోవాడి పద్ధతి నేను పట్టేశాను. సున్నా నుంచి లెక్క కాబట్టి మూడో నంబరు పోవాలంటే రెండు కొట్టాలి. ఫేబను, డేనియల్‌ను మళ్లీ ఎక్కించాను. ఆదివారం అందరి ముందు రెండు కొట్టి జాబితా ముగించేస్తాను. నువ్వేమీ శ్రమపడకు.

జ్ఞానమ్మ

తా.క. ఫేబ అలక తీరడానికి రెండు కిలోల జిలేబీ అయింది.

హైదరాబాద్,
డిసెంబరు 9

అత్తమ్మకు వందనాలు.

శుభవార్త! ఇక్కడినుంచే సరిచేసేశాను. ఇక ఏ నంబరు కొడితే ఆ నంబరు మనిషే పోతారు.

మీ గిడియోన్

తా.క. ఇప్పుడు ధైర్యంగా కొట్టండి.

మెదక్,
డిసెంబరు 16

గిడియోన్,

నీ ఉత్తరం సోమవారం అందింది. నేను ఆదివారమే ధైర్యంగా రెండు కొట్టాను.

తెర మీద నా పేరు మాయమైంది. నేను నోరు తెరిచేలోపే పాస్టరుగారు లేచి, "చూసిండ్రా! పిల్లలకు జాగా ఇయ్యనీకి జ్ఞానమ్మ తానే తప్పుకున్నది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఇక పొరపాటని ఏ మొహంతో చెప్పను? ఇంటికొచ్చి ఆ శాలువాతోనే కళ్లు తుడుచుకున్నాను.

జ్ఞానమ్మ

తా.క. "జాబితాల నా పేరుందట, బస్సెక్కి వచ్చిన" అంటూ జయానందం దిగాడు. నా చరణం అతనికిచ్చారు. నేర్పేది నేనే.