“అక్కకి” అని వచ్చిన డబ్బులు

మంగళవారం, జెబెల్ అలీ, దుబాయ్

నా భార్య సువార్త పేరున ఉన్న పచ్చళ్ళ వ్యాపారం లైసెన్స్ రద్దు చేయాలంటే చివరి టాక్స్ రిటర్న్ వేయాలట. పొద్దున కన్సల్టెంట్ దగ్గరికి వెళ్ళాను. మన తెలుగువాడే. టై బిగుతుగా ఉంది, బుద్ధే వదులు.

ఆన్‌లైన్‌లో వచ్చిన డబ్బుల జాబితా చూసి నవ్వాడు.

“నోట్‌లో అందరూ ‘అక్కకి’ అనే రాశారంకుల్. చెల్లెళ్ళు పంపారని చూపిద్దాం. ఆదాయమే లేదు. ఖలాస్!”

“ఆమెకి చెల్లెళ్ళు లేరు. వాళ్ళంతా పచ్చడి కొన్న నర్సులు.”

“ఆ సంగతి ఆఫీసువాళ్ళకేం తెలుసు? ఆంటీ ఏదో సరదాకి చేసుకునేవారు కదా.”

సరదా! కారం కలిపి కలిపి రాత్రంతా మంటలు పుట్టిన చేతులు వీడు చూశాడా? ఈ తెలివికి ఫీజు కూడానా. ప్రతి వరసా అమ్మకమనే రాయించాను.

చివరి వరస దగ్గర ఆగిపోయాను. ఆమె పోయిన మర్నాడు అబుదాబి నుంచి వచ్చిన డబ్బు. “అక్కకి, గోంగూర రెండు కిలోలు.” ఆ పచ్చడి వెళ్ళలేదు కనుక అది అమ్మకం కాదు.

“తిరిగి పంపేయండంకుల్” అన్నాడు. వాడి నోట వచ్చిన ఒకే ఒక్క సరైన మాట.

పంపేటప్పుడు నోట్‌లో కారణం రాయాలి. సాయంత్రం నుంచి ఫోన్ చేతిలోనే ఉంది. “అక్క” అని మొదలుపెట్టాను...