పేరు పోయిన మేడగది

మార్చి 4, సోమవారం. ఉదయం 6.15

పేరు పోయింది.

మేడగది ఉంది. కింద సైకిల్ షాపు ఉంది, పైన మా ప్రార్థన మీటింగ్ కుర్చీలు ముప్పై రెండూ ఉన్నాయి, గోడకు చెమ్మ ఉంది. పంతొమ్మిదేళ్లుగా నేను గొంతు చించుకుని చెప్పిన ప్రసంగాలన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. ఇంటర్నెట్లో మేడగది అని కొడితే మాత్రం అలాంటిదేదీ లేదని వస్తోంది.

కేబులాయన పొద్దున్నే వచ్చి తలుపు కొట్టాడు. ఇళ్లకు కేబుల్ లాగే మనిషి, మా సైట్ పెట్టిందీ నడిపేదీ ఆయనే. అన్నా, కొంప మునిగింది అన్నాడు. ఎవరి కొంప అన్నాను. మనదే, కాకపోతే మునగలేదు, నేమ్‌ప్లేటు పీకేశారు అన్నాడు.

ఇదంతా తైలం వ్యాపారి పని. ఆశీర్వాద తైలం అని సీసాలు అమ్ముతాడు. పోయిన నెల ఆ సీసాల మీద ప్రసంగం చేశాను. అందులో ఉన్నది ఆశీర్వాదం కాదు, పామాయిల్ అన్నాను. ఉన్నదే అన్నాను. అతను సైట్లకు పేర్లు అమ్మే కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. వాళ్లు నన్ను ఒక్క మాట అడగకుండా పేరు ఆపేశారు. ఇరవై రోజుల్లోగా ఐడీ ప్రూఫ్‌తో ఫారం పంపితే పరిశీలిస్తారట.

ఏదెను తోటలో జంతువులకు పేర్లు పెట్టినవాడు ఎవరికి ఫారం నింపాడు?

ఏప్రిల్ పద్నాలుగు లోపల పేరు వెనక్కి రావాలి. అది అమ్మ పోయిన రోజు. పదకొండేళ్లుగా ఏటా ఆ రోజున మా సైట్లో అభిప్రాయాలు రాసే పేజీలో ఒకే ఒక్క మాట పడుతుంది. *విన్నాను* అని. కింద పేరుండదు. తమ్ముడని నాకు తెలుసు. నాతో మాట్లాడటం మానేసి నలభై ఆరేళ్లయింది. వాడెక్కడున్నాడో నాకు తెలియదు. వాడికి నా గురించి తెలిసింది ఆ పేరొక్కటే.

మార్చి 5. మధ్యాహ్నం

కూతురితో ఫోన్లో గంటసేపు. తను ఒక పెద్ద ఆఫీసులో నెట్‌వర్క్ చూస్తుంది. నాన్నా, ముందు ఆ ఎగరడం ఆపు, బీపీ మాత్ర వేసుకున్నావా అని మొదలుపెట్టింది. తర్వాత విడమరిచి చెప్పింది. కంప్యూటర్లకు పేర్లు తెలియవట, అంకెలే తెలుసట. మనుషులకేమో అంకెలు గుర్తుండవు. ఈ పేరుకు ఈ అంకె అని మధ్యలో ఎవరో ఒకరు చెప్పాలి. అన్నిటికీ పైన చెట్టు వేరులాంటిది ఒకటి. దాని కింద, డాట్ తర్వాత వచ్చే తోకల్ని చూసుకునేవాళ్లు. వాళ్ల కింద పేర్లు అమ్మేవాళ్లు, ఇంకా కింద మనం. తలకిందుల చెట్టు. కొనుక్కోవడం అనేది లేదు నాన్నా, మనమంతా అద్దెవాళ్లమే అంది.

నాకు నవ్వొచ్చింది. ఓసి పిచ్చితల్లీ, ఇది మా ఎక్స్ఛేంజే కదా అన్నాను.

ఫోన్ పెట్టేశాక అదే ధ్యాస. రాయకపోతే తోచేలా లేదు.

ఇరవై రెండేళ్ల వయసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేరాను. నిలువెత్తు చెక్క బోర్డు, మూడు వందల రంధ్రాలు. ఎవరైనా రిసీవర్ ఎత్తితే వాళ్ల రంధ్రం మీద చిన్న రేకు టక్కున పడేది. ప్లగ్గు గుచ్చి నంబర్ ప్లీజ్ అనేవాణ్ణి. నంబర్ ఎవడు చెప్పాడు గనక! డాక్టర్ గారికివ్వు బాబూ అనేవారు. మా పెద్దమ్మాయికివ్వు అనేవారు. వాళ్ల పెద్దమ్మాయి ఏ ఇంటి కోడలో నాకు తెలియాలి. తెలుసు కూడా. గురువారం సాయంత్రం డాక్టర్ ఇంట్లో ఉండడనీ, చదరంగానికి లాయరింటికి పోతాడనీ తెలుసు. అడక్కుండానే లాయరింటికి కలిపేవాణ్ణి. ఒకసారి అలా కలిపినందుకే ఒక పసికందు దక్కింది. ఆ పిల్లకిప్పుడు మనవలు.

మా సూపర్‌వైజరమ్మ చందాదారుల పుస్తకాన్ని పెన్సిలుతో దిద్దేది. ఎవరైనా ఇల్లు మారితే పొద్దు గుంకేలోగా పుస్తకంలో మారాల్సిందే. పెన్సిల్ ముక్క ఎప్పుడూ ముడిలో గుచ్చి ఉండేది. వెతుక్కుంటూ మా అందరి మీదా కేకలేసేది, తలలో ఉందమ్మా అంటే ఎవరి తలలో అనేది. వేడెక్కిన హెడ్‌సెట్ వాసన, రేకులు పడే చప్పుడు, పక్క సీటు నుంచి నంబర్ ప్లీజ్, నంబర్ ప్లీజ్. ఊరంతా మా చేతుల్లోంచే మాట్లాడుకునేది. అంత నిండుగా మళ్లీ ఎక్కడా బతకలేదు నేను, ప్రసంగ వేదిక మీద కూడా.

మార్చి 7

ఫారం చింపేశాను.

మార్చి 10, ఆదివారం. మీటింగ్ అయ్యాక

కేబులాయన కొత్త దారి తెచ్చాడు. ఈ తలకిందుల చెట్టు మొత్తాన్నీ మార్చేయాలనే వాళ్లున్నారట. వాళ్ల పద్ధతిలో పైన ఎవరూ ఉండరు. పేరు వేల కంప్యూటర్లలో ఒకేసారి నమోదవుతుంది. తాళం నీ చేతిలో ఉన్నంతకాలం రాజైనా చెరపలేడు, తైలం వాడు తలకిందులుగా తపస్సు చేసినా చెరపలేడు అన్నాడు.

నా ఒళ్లు పులకరించింది. సిద్ధం చేసుకున్న ప్రసంగం అప్పటికప్పుడు పక్కన పడేసి దీని మీదే చెప్పాను. పేరు పెట్టి పిలిచేవాడు పైనున్నవాడొక్కడే, మధ్యలో ఈ దళారులెవరు? కాపరికి గొర్రె పేరు తెలియడానికి లైసెన్స్ కావాలా? దేవాలయంలో రూకలు మార్చేవాళ్ల బల్లలు ఎందుకు తిరగబడ్డాయి? బల్ల గుద్దితే గ్లాసులో నీళ్లు తుళ్లిపడ్డాయి. ఆమెన్ అని కింద సైకిల్ షాపు వాడిక్కూడా వినపడేలా అన్నారు.

దిగొస్తుంటే షాపువాడు అడగనే అడిగాడు, అయ్యగారూ ఇవాళ ఎవరి మీద అని. వేరు మీద అన్నాను. వేరు కొరకాలంటే పళ్లు కట్టించుకోండి మరి అన్నాడు.

మార్చి 12

కూతురు ఒప్పుకోవడం లేదు. ఆ కొత్త పేర్లు మామూలు ఫోన్లో తెరుచుకోవట, వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోవాలట. బాబాయి పాత పేరే కొడతాడు కదా నాన్నా, ఆయనకు ఇదంతా ఎవరు చెబుతారు అంది. నిజంగా వెతికేవాడికి దొరుకుతుంది అన్నాను. తాళం పోతే ఎవర్ని అడుగుతావు అంది. దేవుణ్ణి అన్నాను. ఆయనకు హెల్ప్‌లైన్ లేదు నాన్నా అంది. ఇంత నోరు ఎక్కణ్ణించి వచ్చిందే అంటే, ఇంట్లోదే అంది.

పాత పద్ధతిని కొట్టేయడం కాదు, బాగుచేయాలి అంటుంది. ఆ పైనున్న వేరు తాళం ఒక్కరి చేతిలో ఉండదట. రకరకాల దేశాల వాళ్లు కొందరు చేరి, కెమెరాల ముందు, ఒకరు చూస్తుండగా ఒకరు తెరుస్తారట. ఆ సంగతి నాకు తెలియదు. అయినా వెనక్కి తగ్గలేదు. ఆదివారం అంతమంది ముందు అన్న మాట.

మార్చి 15. తెల్లవారుజామున

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పకుండానే ఆమెను సమాధికి సాగనంపాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగు. దేవుని వాక్యం కొత్తగా పట్టింది, ఒళ్లంతా మంట. తమ్ముడు వేరే ఊళ్లో పని చేస్తూ, మా వీధి టైలర్ గారమ్మాయిని చేసుకుంటానన్నాడు. వాళ్లు మన విశ్వాసం కాదు. నేను కుదరదన్నాను. ఆ పిల్లకు ఇంట్లో వేరే సంబంధం చూస్తున్నారు. వస్తున్నాను, ఆగు అని చెప్పడానికి వాడు అక్కణ్ణించి టైలర్ షాపుకు ట్రంక్ కాల్ బుక్ చేశాడు. కాల్ మా బోర్డుకే వచ్చింది. అవతలి ఊరి ఆపరేటర్ టైలర్ షాపు అంది. ఎవరు మాట్లాడతారని అడిగితే మా ఇంటిపేరు చెప్పింది.

ఎంగేజ్ అన్నాను.

మర్నాడూ ఎంగేజ్. ఆ మర్నాడూ. ఆరు రోజులు. దేవుని పని చేస్తున్నాననుకున్నాను. చివరికి ఆ పిల్లకు తాంబూలాలిచ్చేశారు.

వాడు వచ్చి ఎక్స్ఛేంజ్ మెట్ల మీద కూర్చుని ట్రంక్ కాల్ స్లిప్పులు చూపించమన్నాడు. సూపర్‌వైజరమ్మ దాచలేదు. స్లిప్పులన్నిటి మీదా ఎంగేజ్ అని నా చేతిరాత. వాడు తిట్టలేదు, కొట్టలేదు. లేచి వెళ్లిపోయాడు. అమ్మ మట్టికి వచ్చాడు, నా పక్కనే నిలబడ్డాడు, మాట్లాడలేదు.

వారం రోజులుగా దళారి దళారి అని అరుస్తున్నాను. ఊరి పేర్లన్నీ చేతిలో పెట్టుకుని కూర్చున్న దళారి ఎలా ఉంటాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు?

అందుకే తాళం నా ఒక్కడి దగ్గరే ఉండే పద్ధతి కావాలి. ఎవడూ మధ్యలో ఉండకూడదు. నాలాంటివాడు అసలే ఉండకూడదు.

మార్చి 17, ఆదివారం

కొత్త పేరు వచ్చింది. తాళం అంటే ఒక రహస్య వాక్యమట. ఎవరూ ఊహించలేనిది పెట్టు, ఎక్కడా అనకు అన్నాడు కేబులాయన. నేను మరిచిపోనిదీ, నన్నెన్నడూ మోసం చేయనిదీ పెట్టుకున్నాను. ఆయనకు కూడా చెప్పలేదు. మీటింగ్‌లో తెరిచి చూపించాం. చప్పట్లు.

మార్చి 20. ఉదయం 11

పోయింది.

కొత్త మేడగది తెరిస్తే పేకాట బొమ్మలు, గిరగిర తిరిగే జూదం చక్రం. కేబులాయన తల పట్టుకుని కూర్చున్నాడు. తాళం ఏం పెట్టావన్నా అన్నాడు. చెప్పాను. బైబిల్లోని కాపరి కీర్తనలో మొదటి వాక్యం. అన్నా, ఆదివారం బడిలో మూడేళ్ల పిల్లను లేపి అడిగినా చెబుతుంది కదన్నా అన్నాడు. ప్రపంచంలో పేరున్న వాక్యాలన్నిటినీ వరుసగా పెట్టి చూసే యంత్రాలుంటాయట, రాత్రీ పగలూ అదే పనట. లోకంలో నాకంటే శ్రద్ధగా వాక్యం చదివేది దొంగలన్నమాట.

ఇప్పుడు ఎవరికి చెప్పుకోవాలి అన్నాను. ఎవరికీ చెప్పుకోలేం అన్నాడు. పైన ఎవరూ లేరు కదా.

మార్చి 21

అన్నం సయించలేదు.

మార్చి 26. సాయంత్రం

గడువు మొన్ననే దాటింది. కూతురు ఇంకో ఫారం పంపింది, నింపాను. ఐడీ ప్రూఫ్ పెట్టాను. సంతకం చేశాను. ఊరికే ఈమెయిల్ పెడితే చాలదు నాన్నా, ఫోన్ చేసి మాట్లాడు, నీకు మాట్లాడటం వచ్చు కదా అంది.

చేశాను. నలభై నిమిషాల సంగీతం తర్వాత ఒక అమ్మాయి. గడువైపోయింది సార్ అంది. తెలుసమ్మా అన్నాను. తర్వాత ఏమైందో, ప్రసంగం చేయడానికి నోరు రాలేదు. తప్పు నాదే, కోపంతో చింపేశాను అన్నాను. ఫిర్యాదు వచ్చినప్పుడు నన్ను ఒక్క మాట అడగకపోవడం మాత్రం మీ తప్పు అన్నాను. అవును సార్, అది నాకూ నచ్చదు అంది మెల్లగా. పక్క సీట్ల నుంచి ఇంకా చాలా గొంతులు వినిపిస్తున్నాయి. ఎంతమంది కూర్చుంటారమ్మా మీ గదిలో అన్నాను. డెబ్భై మంది సార్, ఫ్యాన్లు నాలుగు అంది. మాకు రెండు ఉండేవన్నాను. నవ్వింది. మా సూపర్‌వైజర్ని అడిగి చూస్తాను, మాటివ్వలేను అంది.

మూడు వారాలుగా నేను కూలదోయాలన్న చెట్టు చివర ఒక మనిషి ఉంది. వింది.

ఏప్రిల్ 7, ఆదివారం

మీటింగ్‌లో లేచి చెప్పాను. చెట్టు కూల్చమని చెప్పి తప్పు చేశాను. మధ్యలో ఉన్నవాడు అన్యాయం చేస్తే పోరాడాలి, అడక్కుండా పేరు తీసే హక్కు ఎవడికీ ఉండకూడదు, అది ఇప్పటికీ అంటాను. అలాగని మొర వినే చెవిని కూడా తీసేస్తే మిగిలేది దొంగల సంతే. బోర్డు ఉండాలి. బోర్డు దగ్గర ఒక్కడే కూర్చోకూడదు, అంతే.

ఎవరూ ఆమెన్ అనలేదు. వెనక కుర్చీలో ముసలాయన గురకపెట్టాడు.

ఏప్రిల్ 14

పేరు రాలేదు.

తమ్ముడు ఆ పేరు కొట్టి ఉంటాడు. లేదని వచ్చి ఉంటుంది. చచ్చిపోయాననుకున్నాడేమో.

ఏప్రిల్ 16. ఉదయం 9

వచ్చింది! మేడగది అని కొడితే మేడగది. కేబులాయన లడ్డూలు పంచినంత సంబరంగా ఫోన్లు చేస్తున్నాడు. ఆ అమ్మాయి ఈమెయిల్లో, ఫిర్యాదులో పస లేదని తేలింది, ఆలస్యానికి చింతిస్తున్నాం అని ఉంది.

అభిప్రాయాల పేజీ తెరిచాను. ఖాళీ. రెండు రోజుల తేడా.

ఏప్రిల్ 17

కేబులాయనతో రికార్డింగ్ పెట్టించి ఆయన్ను బయటికి పంపేశాను. ప్రసంగం కాదు. బల్ల గుద్దలేదు. టైలర్ షాపు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. నా పేరు మాత్రం ఇంటిపేరుతో సహా చెప్పాను. ఆరు రోజులు ఎంగేజ్ అన్నాను అని చెప్పాను. క్షమించమని అడగలేదు, అడగడానికి నోరు చాలలేదు. తొమ్మిది నిమిషాలు వచ్చింది. నా జీవితంలో అంత చిన్నది ఎప్పుడూ చెప్పలేదు.

పెట్టనా అన్నా, జనం ఏమనుకుంటారో అన్నాడు కేబులాయన, తలుపు అవతల విన్నట్టున్నాడు. పెట్టమన్నాను.

ఏప్రిల్ 18

కూతురు విని ఫోన్ చేసింది. మాత్ర వేసుకున్నావా అంది.

ఏప్రిల్ 22

పదకొండు అభిప్రాయాలు. తైలం వాడి మనిషి ఒకడు ఎగతాళి చేశాడు. తమ్ముడిది లేదు.

ఏప్రిల్ 25

లేదు.

ఏప్రిల్ 29, సోమవారం

*ఆరు కాదన్నయ్యా. తొమ్మిది రోజులు.*

కింద పేరు రాశాడు.

మార్చి పదిహేను పేజీ తీసి, ఆరు కొట్టేసి తొమ్మిది అని దిద్దాను.